కొలతపనివాని యోగ్యతాపత్రము



నేను ముప్పదియైదేండ్లు బడిపంతులుగ పనిచేసినవాడను. నేర్చినది సంస్కృతాంధ్రములు, కొంత తర్కము. అట్టివాడు యంత్రముల ముచ్చట చెప్పుటకు ఏల పూనుకొనెనని మీకు తోచవచ్చును. కారణము చెప్పెదను. పదవీవిరమణానంతరము నేను మా కుమారునియొద్ద, హైదరాబాదు నగరపు పడమటి అంచుననున్న నానక్‌రామ్‌గూడలో నివసించుచున్నాను. ఊరినుండి బంధువులు వచ్చినప్పుడెల్ల నన్నడుగు ప్రశ్న ఒక్కటే: "పిల్లవాడు పదవ తరగతి గట్టెక్కినాడు. ఇక వానిని ఏమి చదివింపుమందురు?" ఈ ప్రశ్నకు నేను చాలకాలము ఒకే సమాధానము చెప్పుచుంటిని. అది అందరికిని తగిన సమాధానము కాదని మా యింటి పిల్లవాడే నాకు నేర్పెను. ఆ సంగతియే నేడు మీకు విన్నవించెదను.

మొదట మీరెరిగిన దానితో ప్రారంభింతము. వరికోతలైన పిమ్మట ధాన్యమును కొనుగోలు కేంద్రమునకు తోలుదురు. అచ్చట ఒక చిన్న పరికరములో గుప్పెడు గింజలు పోసి తేమ చూతురు. తేమ 17 శాతము మించరాదని నియమము. పరికరము 16 చూపినచో బస్తాలు కాటాకెక్కును. 18 చూపినచో ధాన్యమును మరల ఆరబోయవలెను. ఆకాశము మబ్బు పట్టియున్న దినములలో ఆ రెండు అంకెల భేదమునకు రైతు ప్రాణము తల్లడిల్లును. పాలకేంద్రములో వెన్నశాతము చూచు యంత్రమును అట్టిదే. "ఈ యంత్రము నిజము చెప్పుచున్నదా?" అని మీలో ఎందరో సంశయించియుందురు. ఆ సంశయము తీర్చుటకు ఒక పనివాడు కావలెను. కొలత పరికరములను అమర్చువాడు, పరీక్షించువాడు, తప్పిన వాటిని సరిదిద్దువాడు. వానినే ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ అందురు. ఆ విద్యకు తొలి మెట్టైన యోగ్యతాపత్రమును గూర్చియే నా ప్రసంగము.

నానక్‌రామ్‌గూడ రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలమునకు చేరినది. పెద్ద పెద్ద గుండ్లు, వాటి నడుమ చేలు, ఒక ప్రాచీన రంగనాథస్వామి ఆలయము - ఇదియే దాని పూర్వరూపము. ఆలయము నేటికిని ఉన్నది. చుట్టును మాత్రము అద్దాల మేడలు లేచినవి. నగరము చుట్టును 158 కిలోమీటర్లు సాగిన వెలుపలి వలయ రహదారి ఈ ఊరి ప్రక్కగనే పోవుచున్నది. ఈ మేడలలో పనియనగా కంప్యూటరు ముందు కూర్చుండుటయే యని మన పల్లెలలో అభిప్రాయము. నాకును అదియే యుండెను. కాని పైనున్నవారు కూర్చుండగలుగుటకు నేలమాళిగలో మరియొక లోకము రేయింబగళ్లు పనిచేయుచుండును. పై అంతస్తులకు నీరెక్కించు పంపులు, గాలిని చల్లబరచు యంత్రములు, నిప్పంటుకొన్నచో తక్షణమే నీరు చిమ్మవలసిన గొట్టములు, కరెంటు పోయిన క్షణమున అందుకొనవలసిన జనరేటర్లు అచ్చటనే యుండును. గొట్టములపై గేజీలు, తొట్లయందు మట్టము చూపు సాధనములు. అవి చెప్పిన అంకెలను నమ్మియే పైన వేలమంది నిశ్చింతగ నుందురు.

అంకెను నమ్మి బ్రదుకుట ఈ ప్రాంతమునకు క్రొత్తయు కాదు. ఇచ్చటికి కొలది దూరములోనే గండిపేట చెరువున్నది. 1908లో మూసీనది వరద నగరమును ముంచిన పిమ్మట కట్టబడి, 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగర్ అదియే. దాని పూర్ణమట్టము 1790 అడుగులు. వానకాలములో తలుపులు ఎత్తవలెనా వలదా యను నిర్ణయము, మట్టపు కొలబద్దను చూచి వ్రాసిన అంకెపై ఆధారపడును. అంకె తప్పినచో దిగువనున్న జనులకు ముప్పు.

ఇక మా పిల్లవాని సంగతి. వాడు మా చెల్లెలి మనుమడు. పదవ తరగతి ముగించి మా యింటికి వచ్చెను. లెక్కలలో చురుకైనవాడు. పుస్తకముకంటె చేతిపనిమీద ప్రీతి మెండు. ఊరిలో బావి మోటారు చెడినను, మందు కొట్టు పంపు చెడినను, విప్పి చూడనిదే వానికి నిద్రపట్టదు. వాడు ఐ.టి.ఐ.లో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ ట్రేడులో చేరెదననెను. మా చెల్లెలు కన్నీరు పెట్టుకొని, "అన్నయ్యా, ఐ.టి.ఐ. చదివినవానికి పిల్లనెవ్వరిత్తురు?" అని నన్నడిగెను. నేనును ఆమె పక్షమే వహించి, "నాయనా, మన యింట పానా పట్టినవారు లేరు. అందరివలె కంప్యూటరు డిగ్రీ చదువుము" అని మందలించితిని.

ఇంతలో ఒక మధ్యవర్తి తగిలెను. బడికి పోనక్కరలేకయే, ఆరు వారములలో ఇన్‌స్ట్రుమెంటేషన్ సర్టిఫికెట్టు ఇప్పించెదననియు, అది చేతికందగానే మేడలలో ఉద్యోగము సిద్ధమనియు చెప్పి, నలుబదివేల రూపాయలడిగెను. బంగారురంగు ముద్రగల మాదిరి పత్రమొకటి చూపెను. పానా పట్టకయే పని జరుగునని నాకు ఆశ పుట్టెను. ఆ సొమ్ము బ్యాంకునుండి తెచ్చి బల్లపై నుంచితిని. అప్పుడా పిల్లవాడు, "తాతయ్యా, ఆ కాగితము చూచి నన్ను బాయిలరు దగ్గర నిలువబెట్టుదురు. గేజీ తప్పినదో ఒప్పినదో నేనెట్లు చెప్పుదును? కాగితమును అడుగుదునా?" అనెను. ఇన్నేండ్లు తర్కము చదివిన నాకు ఆ మాటకు జవాబు తోపలేదు. సొమ్ము మరల బ్యాంకునకు పోయెను. పిల్లవాడు నగరములోని ఒక ఐ.టి.ఐ.లో చేరెను.

ఆ చదువు స్వరూపము మీకు తెలియుట అవసరము. భారత ప్రభుత్వము 1950లో శిల్పకారుల శిక్షణ పథకమును నెలకొల్పెను. ఐ.టి.ఐ.లని మనము పిలుచు పారిశ్రామిక శిక్షణ సంస్థలు ఆ పథకము క్రిందనే నడచుచున్నవి. ఈ ట్రేడునకు పదవ తరగతి ఉత్తీర్ణులై, పదునాలుగేండ్లు నిండినవారు అర్హులు. ఆడపిల్లలును చేరవచ్చును. కాలము రెండేండ్లు. పనికి సంబంధించిన శాస్త్రము, కర్మశాల గణితము, యంత్రములకు పటము గీయుట, పటము చదువుట నేర్పుదురు. అన్నిటికంటె ఎక్కువ కాలము చేతిపనికే పోవును. కడపట అఖిల భారత ట్రేడు పరీక్ష. అందు నెగ్గినవారికి జాతీయ ట్రేడు సర్టిఫికెట్టు లభించును. ఆ పిమ్మట 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద ఒక కర్మాగారములో భత్యము పుచ్చుకొనుచు అభ్యాసము చేసి, మరియొక పరీక్ష నిచ్చి, జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్టు పొందవచ్చును.

హైదరాబాదునకు ఈ విద్యతో నేటి సంబంధము కాదు. రామచంద్రాపురములో భారీ విద్యుద్యంత్రముల కర్మాగారము, బాలానగరములో మందుల కర్మాగారము, మౌలాలి వైపున అణు ఇంధన సముదాయము వెలసిన కాలమునుండి కొలతపనివారి అవసరము పెరుగుచు వచ్చెను. 1974లో కేంద్ర ప్రభుత్వము రామంతాపూర్‌లో ఎలక్ట్రానిక్సు, ప్రాసెస్ ఇన్‌స్ట్రుమెంటేషన్ విద్యలకై ఒక ఉన్నత శిక్షణ సంస్థను స్థాపించెను. అదియే తరువాత జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ అయ్యెను. తెలంగాణ ప్రభుత్వము 2024లో 65 ఐ.టి.ఐ.లను క్రొత్త యంత్రములతో ఉన్నత సాంకేతిక కేంద్రములుగ మార్చుటకు పూనుకొనెను.

పిల్లవాడు ఆదివారము ఇంటనున్నప్పుడు తాను నేర్చినది నాకు చెప్పుచుండువాడు. పీడనము చూపు గేజీలో ముల్లెట్లు తిరుగునో మీరెన్నడైన ఆలోచించితిరా? జాతరలో పిల్లలూదు చుట్టబూర యున్నది గదా. ఊదగానే చుట్ట విప్పుకొనును, ఊపిరి తీయగానే చుట్టుకొనును. గేజీలోను అట్టి వంకర లోహపు గొట్టమే యున్నది. లోపల పీడనము పెరిగినకొలది అది కొద్దిగ విప్పారును. ఆ కదలిక పండ్లచక్రముల ద్వారా ముల్లును త్రిప్పును. ఫ్రాన్సు దేశీయుడైన బూర్డాన్ 1849లో దీనిని కల్పించెను. నేటికిని బాయిలర్లపైనను పంపులపైనను ఇదియే కనబడును. రెండు వేర్వేరు లోహపు తీగలను కొసలు కలిపి వేడిచేసినచో స్వల్పమైన విద్యుత్తు పుట్టునని 1821లో సీబెక్ అను పండితుడు కనుగొనెను. కొలిమిలోని వేడిమిని దూరమునుండి కొలుచుటకు అదియే ఆధారమైనది.

వాడు చెప్పిన వాటిలో ఒకటి నా తర్కబుద్ధికి మిక్కిలి నచ్చెను. తొట్టిలోని నీటిమట్టమును దూరమునకు తెలుపుటకు తీగలో స్వల్ప విద్యుత్ప్రవాహమును పంపుదురు. దానిని మిల్లీ ఆంపియర్లలో లెక్కింతురు. తొట్టి నిండినచో 20, సగమైనచో 12. ఖాళీయైనచో ఎంత? నేను సున్న అంటిని. వాడు నవ్వి, "కాదు తాతయ్యా, 4" అనెను. ఏలయనగా, ఖాళీ తొట్టికి సున్న పంపినచో, తీగ తెగినప్పుడును సున్నయే వచ్చును. తొట్టి ఖాళీయైనదో, తీగ తెగినదో ఎట్లు తెలియును? 4 వచ్చినచో నీరు లేదని పరికరము చెప్పుచున్నదన్నమాట. ఏమియు రానిచో చెప్పవలసిన పరికరమే పలుకుట లేదన్నమాట. రాత్రి కావలివాడు గంటకొకసారి "దొంగలు లేరు" అని కేకవేయుట వేరు, కేకయే వినబడకపోవుట వేరు గదా. లేమిని ఎరుగుటయు ఒక జ్ఞానమే, ఎరుగకుండుట మాత్రము అజ్ఞానమని మా గురువులు నాకు నెలల తరబడి బోధించిరి. ఆ భేదమును ఈ పనివారు ఒక తీగలో నిలిపిరి.

ఇక ఈ విద్యకు ప్రాణమనదగినది కొలత సరిచూచుట. దానిని కాలిబ్రేషన్ అందురు. పరికరము తాను చెప్పినదే నిజమనును. ఆ మాటకు సాక్ష్యము కావలెను. అంతకంటె నమ్మదగిన మరియొక పరికరము ప్రక్కన పెట్టి, సున్న, పాతిక, సగము, ముప్పాతిక, నిండు - ఈ ఐదు చోట్లను పోల్చి చూతురు. ఎక్కునప్పుడొకసారి, దిగునప్పుడొకసారి. కొన్ని గేజీలు ఎక్కునప్పుడు ఒకటి, దిగునప్పుడు మరియొకటి చెప్పును. ఆ పోల్చు పరికరమును నమ్ముటెట్లు? దానిని అంతకంటె ఉత్తమమైన దానితో పోల్చియుందురు. అట్లు ఒక్కొక్క మెట్టు ఎక్కిపోయినచో, కడపట దిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో భద్రపరచిన దేశప్రమాణములయొద్దకు చేరుదుము. ఇది నాకు గురుపరంపరవలె తోచెను. నడుమ ఒక్క గురువు లేకున్నను పాఠము నమ్మదగినది కాదు.

సరిచూచిన పిమ్మట పుస్తకములో రెండు వరుసలు వ్రాయవలెను. దొరికినప్పటి కొలత ఒకటి, సరిదిద్దిన తరువాతి కొలత ఒకటి. మొదటి వరుసలోనే మనుష్యుని పరీక్ష యున్నది. రెండవ సంవత్సరమున శిక్షకుడు పిల్లలకందరికిని తలకొక గేజీ నిచ్చి సరిచూడుమనెను. ప్రమాణ పరికరము 5 చూపుచుండగా మావాని గేజీ ఎక్కునప్పుడు 5.2, దిగునప్పుడు 5.3 చూపెను. తక్కినవారు తమ గేజీలు వంకరగ చెప్పినను, మార్కులు పోవునను భయముతో 5.0 అని చక్కగ వ్రాసిరి. మావాడు చూచినది చూచినట్లు వ్రాసెను. శిక్షకుడు పుస్తకములన్నియు చూచి, "నేను మీకు ఇచ్చినవన్నియు చెడిన గేజీలే. చెడినదని వ్రాసినవాడు ఒక్కడు" అనెనట.

ఆ ముచ్చట విని నేను ఆనాటి రాత్రి నిద్రపోలేదు. దాచనేల? నేను పంతులుగ నున్నప్పుడు 28 మార్కులు వచ్చిన పిల్లలకు దయతలచి 35 వేసిన దినములు అనేకములు. అది ధర్మమనియే తలచితిని. అట్లు నెగ్గినవారిలో ఒకడు పిదప నాకు కనబడి, ఉద్యోగమునకు దరఖాస్తు వ్రాసిపెట్టుమని కోరెను. తనకు వ్రాయరాదని తలవంచుకొని, "ఆనాడే మీరు తప్పించియుండిన నేర్చుకొనియుందును సారూ" అనెను. మార్కు వేయువాడును ఒక కొలత పరికరమే. నేను ఎక్కువ చూపిన గేజీనైతిని. నష్టము నాకు కాదు, నన్ను నమ్మినవానికి.

తప్పు కొలత ఎంత దూరము పోగలదో దేశమంతటికిని తెలిసిన దృష్టాంతమొకటున్నది. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్ నగరములో విషవాయువు వెలువడి వేలమంది చనిపోయిరి. ఆ రాత్రి తొట్టిలోని పీడనము పెరుగుచున్నట్లు గేజీ చూపెను. కాని అచ్చటి సాధనములు తరచుగ తప్పు చెప్పునవై యుండుటచేత, పనివారు ఆ అంకెను వెంటనే నమ్మలేదు. ఆ దుర్ఘటనకు కారణములు పెక్కు. వాటిలో ఇదియు నొకటి. అబద్ధమాడుటకు అలవడిన పరికరము ఒకనాడు నిజము చెప్పినను వినువారుండరు.

మా పిల్లవాడు పరీక్షలో నెగ్గి, ఒక మందుల కర్మాగారములో ఏడాది అప్రెంటిసుగ నుండి, ఇప్పుడు మా యింటికి నడచిపోదగు దూరములోని ఒక మేడలో పనిచేయుచున్నాడు. మొదటి జీతము పదునెనిమిదివేలు. ఆ మేడలోనే కంప్యూటరు పనివారికి అంతకు ఎన్నో రెట్లు వచ్చును. పండుగనాడును రాత్రి పని తప్పదు. ఈ సంగతి దాచి నేను మీకు ఆశ చూపను. కాని ఒక సంగతి వినుడు. పనిలో చేరిన రెండవ నెలలో వాడు నిప్పార్పు గొట్టము మీది గేజీని గమనించెను. అది ఎల్లప్పుడును 7 చూపుచుండెను. ముందున్నవారు దినదినము పుస్తకములో 7 అనియే వ్రాసిరి. వానికి అనుమానము కలిగెను. పంపు నడచినను ఆగినను ముల్లు వెంట్రుకవాసియైనను కదలదేమి? విప్పి చూడగా, గొట్టమునకును గేజీకిని నడుమనున్న చిన్న కుళాయి మూసియుండెను. ఎన్నడో లోపల చిక్కుకొన్న పీడనమునే గేజీ చూపుచున్నది. అసలు గొట్టములో పీడనమే లేదు. పైనున్న వేలమందిలో ఎవ్వరికిని ఆ సంగతి తెలియదు. వాడు పుస్తకములో సున్న అని వ్రాసెను. పైవారు కొందరు ముఖము చిట్లించిరి. కాని తెల్లవారకమునుపే గొట్టము నిండెను.

మా చెల్లెలు ఈ కథ విని, "పిల్లనిచ్చువారు రాకపోరులే" అనెను.

పెద్దలారా, మీ పిల్లలందరును ఈ విద్యయే నేర్వవలెనని నా మాట కాదు. లెక్కయందు ఆసక్తి, చేతియందు నేర్పు, చూచినది చూచినట్లు చెప్పు ధైర్యము - ఈ మూడును గలవానిని డిగ్రీ మోజుతో ఆపవలదని మాత్రమే నా మనవి. చేర్చుటకు ముందు నాలుగు సంగతులు విచారింపుడు. ఆ సంస్థ పేరును, ఆ ట్రేడు పేరును ప్రభుత్వపు జాబితాలో ఉన్నవా? కర్మశాలలో పరికరములు నిజముగ ఉన్నవా, తాళము వేసియున్నవా? అవి పిల్లల చేతికి ఇత్తురా? చదివి వెళ్లినవారు ఎచ్చట పనిచేయుచున్నారు? కన్నులతో చూచి, ఆ పిల్లలనే అడుగుడు. ఆరు వారములలో పత్రమిత్తుమనువానిని గడపలోనికి రానీయకుడు.

తొలి యోగ్యతాపత్రము తోడనే విద్య ముగియదనియు పిల్లలకు చెప్పుడు. ఐ.టి.ఐ. నెగ్గినవారికి పాలిటెక్నిక్‌లో రెండవ సంవత్సరమున నేరుగ చేరు త్రోవయున్నది. 1945లో అమెరికాలో పుట్టిన కొలతపనివారి సంఘమొకటి, నేడు అంతర్జాతీయ ఆటోమేషన్ సంఘమను పేర, ఈ పనివారికి మూడు అంతస్తుల పరీక్షలు పెట్టుచున్నది. అందు మొదటిదానికే చదువు, పని కలిసి ఐదేండ్లు గడచియుండవలెను. లోకములో నమ్మకము సంపాదించుటకు అంత కాలము పట్టును.

యోగ్యతాపత్రమును ఒక గేజీయే. అది పిల్లవాని లోపలనున్న విద్యను వెలుపలికి చూపవలెను. లోపల ఏమియు లేక ముల్లు మాత్రము 7 మీద నిలిచియున్నచో, నిప్పంటుకొన్ననాడు గొట్టములో నీరుండదు. మీ పిల్లలకు అట్టి పత్రము కొనిపెట్టకుడు. రెండేండ్లు ఓర్చి, నిజమైనదానిని సంపాదించుకొననిండు.